దూదికి బరువు లేని ఇల్లు

సైకిలుకు స్టాండు వేస్తే నిలబడాలి. లోకంలోని సైకిళ్ళన్నీ అదే పని చేస్తాయి. ఆ మంగళవారం పొద్దున ఆదోనిలో మా ఇంటి ముందర స్టాండు వేసి ఉన్న సైకిలు మాత్రం, పెద్దమనిషి ఎవరో ఎదురొచ్చినట్టు ఎడమపక్కకు వంగి సలాం చేస్తూ ఉండింది. నేను దాన్ని నిటారుగా నిలబెట్టి చేయి తీస్తే, ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్ళీ అంతే మర్యాదగా వంగేది. అట్లా ఓ పది సలాములు అందుకున్నాను. అంత గౌరవం ఆ తరువాత నాకు మా అల్లుడు కూడా ఇవ్వలేదు.

మాది దూదేకుల వాళ్ళ ఇల్లు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టడం మా పని. కుట్టే ముందు దూదిని ఏకాలి. అందుకు మా నాయన దగ్గర ఒక విల్లు ఉండేది. ఆరడుగుల కొయ్య, దాని ఒక కొసన చేటంత చెక్క, ఈ కొస నుంచి ఆ కొసకు పేగుతో చేసిన నారి. విల్లును దూలానికి వేలాడదీసి, చెక్క గుండుతో నారిని కొడితే అది 'టుంయ్' మని మోగి, గడ్డకట్టిన దూదిని మబ్బులాగా ఎగరేస్తుంది. ఆరడుగులు అన్నాను గాని, సైకిలుకు కట్టిన తరువాత అది పదహారడుగులు. ఎదురుగా లారీ వస్తే ఇరవై ఆరు. మా ముత్తాత కాలం నుంచి ఆ విల్లు ఏడాదికోసారి పల్లెల మీదికి పోయి, పది పదిహేను రోజులు పరాయి పంచల్లో ఉండి, పని ముగించుకుని వచ్చేది. మా నాయన దాని వెంట పోయేవాడు. ఈ వరసలోనే చెప్పాలి. మా ఇంట్లో అందరికంటే పెద్ద ఆ విల్లే.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలయ్యే రోజులవి. ఆ ఏడు ఆషాఢంలో మా నాయన దూది కొనడానికి పోయి, మిల్లు మెట్ల మీద కాలుజారి మడమ దగ్గర విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినాయన నలభై రోజులు కాలు నేల మీద మోపొద్దన్నాడు. సరిగ్గా ఆ వారమే గోనెగండ్ల నుంచి కబురు. అక్కడ మేము తరతరాలుగా పరుపులు కుట్టే ఒక రైతుల ఇల్లుంది. ఆ ఇంటికి పెద్ద ఒక అవ్వ. శ్రావణంలో మనవరాలి పెండ్లి, ఏడు పరుపులు కావాలి. బస్సు కండక్టరు మా గడపలో నిలబడి, టిక్కెట్టు చించినట్టు ఆ కబురు చించి ఇచ్చాడు.

"బేస్తవారం పొద్దున మంచిగడియ పెట్టించినాదంటప్పా అవ్వ. ఆ గడియకు మీ విల్లు ఆ పంచలో మోగల్ల. మోగలేదంటే ఏడు పరుపులూ ఎమ్మిగనూరు మిషనోనికి ఇస్తాదంట. నా మాట గాదిది, అవ్వ మాట."

ఎమ్మిగనూరులో ఆ ఏడే ఒకాయన దూదేకే మిషను పెట్టాడు. విల్లు రోజంతా ఏకే దూదిని అది బీడీ ఆరేలోపల ఏకేస్తుందని చెప్పుకునేవారు. మా నాయన దాని పేరు ఎత్తేవాడు కాదు. 'అది' అనేవాడు.

"ఆ ఇల్లు పోతే ఆ వీధి పోతాది. వీధి పోతే ఊరు పోతాది," అన్నాడు నాయన, కట్టు కట్టిన కాలును చూసుకుంటూ. తరువాత నన్ను చూశాడు. కాలును చూసినప్పుడే ముఖంలో కాస్త ధైర్యం కనిపించింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పరుపు బాగానే కుట్టేవాణ్ణి, విల్లు పట్టేవాణ్ణి. తెలియనిదల్లా ఒక్కటే, ఆ సంసారాన్నంతా సైకిలుకు కట్టడం. అది నాయన ఎవరినీ తాకనిచ్చే పని కాదు. బస్సు టాపు మీద వేసుకుని పోతానన్నాను. నాయన కర్ర ఎత్తాడు. ఎప్పుడో ఒకసారి అట్లా వేస్తే, టాపు మీద కట్టేసిన మేకలు నారిని నమిలేశాయట. తమ వాళ్ళ పేగే అని వాటికి తెలియలేదు పాపం.

మంగళవారం తెల్లవారగానే నాయన మంచం వీధిలోకి వేయించుకున్నాడు. కట్టుకాలును దిండు మీద ఫిరంగిలాగా వీధికి గురిపెట్టి, చేతిలో కర్రతో కూర్చున్నాడు.

"ముందర విల్లు. కుడిపక్క. నారి బయటికుండల్ల. లోపలికి పెడితే నీ మోకాలు తగిలి తెగుతాది. నీ మోకాలు తెగినా ఏంగాదు, నారి తెగగూడదు."

"కుడిపక్కే ఎందుకు నాయనా?"

"మా నాయన కుడిపక్కే ఏసేటోడు."

మా తాతకు సైకిలు లేదు. ఎద్దు ఉండేది. ఆ ఎద్దు కుడిపక్కకు విల్లు అలవాటు పడింది. ఎద్దు పోయి నలభై ఏళ్ళయినా దాని ఇష్టం మా ఇంట్లో చెల్లుతూనే ఉంది.

పాత ట్యూబు ముక్కలతో విల్లును కట్టాను. దాని ముందుకొస చక్రాన్ని దాటి దారి చూపిస్తోంది, వెనక కొసన చెక్క తోకలాగా ఊగుతోంది. ఆ తరువాత చెక్క గుండు, గజం కొయ్య కుడిపక్కకు చేరాయి. పది రోజుల జొన్నపిండి, సట్టి, సూదుల డబ్బా, నా గుడ్డలు ఎడమపక్కకు వచ్చాయి. అప్పుడు నాయన కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ గాలిలో పెట్టాడు. ఒక అరచేతిలో కనిపించని విల్లు, ఇంకో అరచేతిలో కనిపించని పిండిమూట. ఆదోని మార్కెట్లో కాటా పట్టే వాళ్ళు కూడా అంత నమ్మకంగా నిలబడరు.

"ఎడమ తక్కువైతాంది. పొత్రం తీస్కరాపో."

లోపలి నుంచి అమ్మ అరిచింది. "పొత్రమా? ఊరిమిండి దేంతో నూరల్ల నేను?"

"పది దినాలు ఊరిమిండి లేకుంటే సావం లే."

అమ్మ తాను పచ్చడి నూరే రోటి పొత్రాన్ని, బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. దాన్ని గోనెసంచిలో వేసి ఎడమపక్క కట్టాను. ఇక మిగిలింది దూది. మిగిలిన ఆరు పరుపులకూ వాళ్ళ పొలం దూదే ఉంది గాని, కొత్తజంట పరుపుకు ఆదోని మిల్లు దూదే కావాలని అవ్వ పట్టు. రెండు బస్తాలు. ఒక్కొక్కటీ నాకంటే లావు, నాకంటే అందం.

"ఇవి యాడ పెట్టేది నాయనా?"

"కుడిపక్క జాగా యాడుండాది? రెండూ ఎడమపక్కే తగిలియ్."

"బరువెక్కువ గాదా?"

నాయన అమ్మవైపు తిరిగాడు. "ఇనినావా? నీ కొడుకు దూది బరువంటాండాడు!"

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురింటి దర్జీ మిషను తొక్కడం ఆపి మరీ నవ్వాడు. "అరె, దూది బరువేంది భాయ్! జల్ది కట్టుకోని పో!"

ఇది మీకు నవ్వుగా ఉండొచ్చు. మా ఇంట్లో దూదికి నిజంగానే బరువు లేదు. బరువైనదాన్ని తేలిక చెయ్యడమే మా వృత్తి. దూది బరువుగా ఉందని దూదేకులవాడు అన్నాడంటే, వాడికి ఏకడం రాదని ఒప్పుకున్నట్టు. కాబట్టి మా వంశంలో ఎవరూ ఏనాడూ ఆ మాట అనలేదు. నాయన కూడా ఇన్నేళ్ళు అదే సైకిలును అట్లాగే తోసుకుంటూ, పడుతూ, లేస్తూ, ఇంటికొచ్చి మాత్రం దారి బాగలేదని చెప్పేవాడన్నమాట. ఆ సంగతి నాకు మరునాడు, ఒక గుంతలో పడుకుని ఉన్నప్పుడు తట్టింది.

దర్జీ, అమ్మ చెరోపక్కా పట్టుకుంటే, వెనకనుంచి కాలు వేసే వీలు లేక ముందునుంచి దూరి ఎక్కాను. వాళ్ళు వదిలారు. సైకిలు కదిలింది. మా వీధి కొసన ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు కుడిపక్కకు తిరగాలి. తిప్పబోతే ముందుచక్రం పోయి విల్లుకు తగిలింది. ఆ సైకిలు ఇక ఎడమకు తప్ప తిరగదని అప్పుడు తెలిసింది. దిగుదామంటే మళ్ళీ ఎక్కించేవాళ్ళు లేరు. మూడు ఎడమలు తిరిగితే ఒక కుడి అవుతుంది కదా అని లెక్క వేసుకుని, ఎడమకు, మళ్ళీ ఎడమకు, మళ్ళీ ఎడమకు తిరిగి, మా ఇంటి ముందునుంచే పోయాను.

"అప్పుడే వచ్చినావేందిరా? ఏం మర్సిపోయినావు?" అని నాయన మంచం మీదినుంచి అరిచాడు.

"కుడిపక్క మర్సిపోయినా నాయనా!"

ఊరు దాటేసరికి ఆషాఢం గాలి అందుకుంది. మా పడమటి తాలూకాల్లో ఆ నెల గాలి ఎట్లా ఉంటుందంటే, కోడిని వదిలితే తుగ్గలిలో, గొర్రెను వదిలితే మద్దికెరలో పోయి వెతుక్కోవాలి. ఆ పొద్దు అది వెనకనుంచి కొట్టింది. రెండు దూది బస్తాలూ తెరచాపలైనాయి. నేను తొక్కడం మానేసినా సైకిలు మానలేదు. టీ తాగుదామనుకున్న హోటలు పోయింది. నీళ్ళు తాగుదామనుకున్న బోరింగు పోయింది. ఒంటికి పోదామనుకున్న తుమ్మచెట్లు మూడుచోట్ల పోయాయి. పొలాల్లో విత్తనం వేసేవాళ్ళు గుంటకలు ఆపి, "యాడికప్పా పోతాండేది?" అని అడుగుతారు. నేను "గోనె" అనేసరికి వాళ్ళు వెనకబడిపోయేవారు. మిగతా "గండ్ల" ఎవరికి వినబడిందో నాకు తెలియదు.

గాలి ఆగినప్పుడు మాత్రం ఆగేవాణ్ణి. ఆగగానే పడేవాణ్ణి. ఎప్పుడూ ఎడమపక్కకే. ఎమ్మిగనూరు చేరేలోపల పదకొండుసార్లు పడ్డాను. చొక్కా ఎడమ సగం ఎర్రమట్టి, కుడి సగం చాకిరేవు తెలుపు. ఒక పక్కనుంచి చూస్తే పెండ్లికొడుకు, ఇంకో పక్కనుంచి చూస్తే పెండ్లిలో తన్నులు తిన్నవాడు. పడకుండా ఉండాలని కుడిపక్కకు వాలి తొక్కడం అలవాటు చేసుకున్నాను. వెన్నెముక కొడవలిలాగా తయారైంది.

లేపడానికి మనుషులు బాగానే వచ్చేవారు. మావాళ్ళు మంచివాళ్ళు. ఒక్కటే కష్టం, లేపినవాడు సలహా ఇవ్వకుండా పోడు. గొర్రెలు కాసే ఒకాయన సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.

"ఆ మూటల్లో ఏముండాదన్నా?"

"దూది."

"ఓ, దూదేనా!" అని వాటిని వదిలేశాడు. "కుడిపక్క తేలికైంది నీకు. ఒక రాయి కట్టు." అని తానే ఒక రాయి తెచ్చి కట్టాడు. ఇంకో నాలుగు మైళ్ళకు ఎద్దులబండి ఆయన దిగి, "ఏందన్నా మూటలు? దూదా? అయితే ఆ రాయి సాలదు," అని ఇంకోటి కట్టాడు. ఎమ్మిగనూరు పొలిమేరలో మూడోది. నేను కూడా అడిగినవాళ్ళందరికీ దూదే, దూదే అని గర్వంగా చెప్పుకుంటూ వచ్చాను. తప్పు ఒక్క మా ఇంట్లోదే అయితే బాగుండేది. ముప్పై కిలోమీటర్ల పొడుగునా నేనే దాన్ని పంచిపెట్టాను.

ఎమ్మిగనూరులో మా నాయన స్నేహితుడు ఒక నేతాయన. పరుపుల గుడ్డ ఆయన దగ్గరే తీసుకోవాలి. మగ్గం గుంతలో కూర్చున్న మనిషి నన్ను చూసి పైకి లేచి వచ్చి సైకిలును పరీక్షించాడు. పడుగులో ఒక్క పోగు వదులైనా చీకట్లో వేలితో తాకి కనిపెడతాడని ఆయనకు పేరు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇక ఈయన చూసుకుంటాడులే అనుకున్నాను.

"అంతా బాగనే కట్టినాడు మీ నాయన," అన్నాడాయన. లోపలికి పోయి ఏడు పరుపుల చారల గుడ్డ తానులు, నిలువెత్తు కట్ట ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. మోస్తున్న మనిషి మెడ నరాలు తేలివున్నాయి. కుడిపక్క రాళ్ళున్నాయి కదా, దాన్ని తీసుకుపోయి ఎడమపక్క దూది మీద కట్టాడు.

"అన్నా, బరువైతాదేమో..."

ఆయన నావైపు తిరిగి జాలిగా నవ్వాడు. "గుడ్డ బరువేందప్పా!"

ఎవరింటికి ఏది బరువో, ఏది కాదో వాళ్ళే చెప్పాలి.

మరునాడు బుధవారం. పొద్దున్నే నేతాయన ఎక్కించి తోశాడు. గోనెగండ్ల అక్కడికి నిన్నటి దారిలో సగం కూడా లేదు. మధ్యాహ్నానికి అవ్వ పంచలో ఉంటాను, రేపటి మంచిగడియకు విల్లు మోగుతుంది, నాయనకు ఊరు మిగులుతుంది. ఇట్లా అనుకుంటూ ఊరు దాటగానే రోడ్డు తిరిగింది. గాలి తిరగలేదు. నిన్న వెనకనుంచి తోసింది ఈరోజు కుడిపక్కనుంచి కొట్టడం మొదలుపెట్టింది. అంటే నన్ను తోసేది ఎడమపక్కకు. ఎడమపక్క నా కోసం ఏం ఎదురు చూస్తున్నాయో మీకు తెలుసు. రెండు బస్తాలు, ఏడు పరుపుల గుడ్డ, మా అమ్మ పొత్రం.

ఐదారు మైళ్ళు పోయాక సన్నగా తుంపర కూడా మొదలైంది. రోడ్డు పక్కన మోకాలిలోతు గుంత ఒకటి ఉండింది. అది నన్ను చూసింది. నేనూ దాన్ని చూశాను. కుడికి తిప్పాలి. కుడికి తిరిగే సైకిలు కాదు కదా అది. బ్రేకు పట్టాను. ట్యూబు ముక్క ఒకటి తెగి చక్రంలో చిక్కుకుంది. సైకిలు, నేను, పొత్రం, పరుపులు, పెండ్లి అన్నీ నిదానంగా, పెద్దల సమక్షంలో జరిగినట్టు, గుంతలోకి దిగాం.

నా ఎడమకాలు బస్తాల కింద ఉంది. నొప్పి లేదు. దూది కదా, మెత్తగానే ఉంది. కానీ కాలు రాలేదు. మెత్తటి వస్తువు కింద మనిషి అంత గట్టిగా ఇరుక్కుంటాడని నాకు అప్పుడే తెలిసింది. అట్లాగే ఆకాశం చూస్తూ పడుకున్నాను. అప్పుడు తట్టింది. ఈ దూది బరువుగా ఉంది. తట్టగానే భయమేసింది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

ఎట్లాగో బయటపడి, ఒంటరిగా ఎత్తలేనని తెలిసి, అన్ని కట్లూ విప్పాను. అదే రెండో తప్పు. విప్పడానికి అరగంట పట్టింది. తిరిగి కట్టడానికి ఇద్దరు నాయనలు కావాలి. సైకిలును నిలబెట్టి ఒక చేత్తో పట్టుకుంటే బస్తా ఎత్తడానికి ఒక్క చేయే ఉంటుంది. బస్తాకు రెండు చేతులు పెడితే సైకిలు పడుతుంది. సైకిలును రాయికి ఆనిస్తే గాలికి రాయే పక్కకు జరిగినట్టుంది. తుంపర పడుతూనే ఉంది. బస్తాల మీద నా దుప్పటి, చొక్కా, తువ్వాలు కప్పాను. విల్లు మీద కప్పడానికి నా దగ్గర చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను. నారి చల్లగా, జారుడుగా తగిలింది.

మధ్యాహ్నం దాటింది. మా కండక్టరు బస్సు అటు పోతూ వేగం తగ్గించింది. ఆయన మెట్టు మీద వేలాడుతూ అరిచాడు. "ఇంగా ఈడే ఉండావేమప్పా? అవ్వ దారి సూస్తాంది!" నేను నోరు తెరిచేలోపల బస్సు పోయింది. పోయినవాడు ఊరికే ఉండడు కదా, అవ్వతో చెప్పే ఉంటాడు. దూదేకులాయన కొడుకు రోడ్డు మీద అంగడి పెట్టినాడని.

పొద్దు వాలుతుండగా ఎమ్మిగనూరు దిక్కునుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆయన సైకిలుకు ఉన్నదంతా ఒక చేతిసంచి. నిటారుగా, దర్జాగా, పెండ్లికి పోతున్నట్టు వస్తున్నాడు. దిగి, నన్ను, విల్లును, రోడ్డు మీద ఆరబెట్టిన మా సంసారాన్ని చూశాడు.

"గోనెగండ్ల అవ్వోల్లింటికేనా?"

"నీకెట్ల తెలుసు?"

"నేనే మిషనోన్ని."

నేను విల్లును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. లాక్కుంటాడని కాదు. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

"అవ్వ నన్ను గూడా రేపు పొద్దున వచ్చి కూసోమనింది," అన్నాడాయన. "నీ విల్లు మోగితే టీ తాగి ఎలబారుతా. మోగకుంటే దూది నా మిషనుకు పోతాది. అంతే." అంటూనే వంగి ఒక బస్తా చెవులు పట్టుకుని అంగుళం ఎత్తి దించాడు. "పన్నెండు కేజీలు." రెండోది ఎత్తాడు. "ఇదీ అంతే. తేమకు ఇంగో కేజీ ఎక్కింది. రెండూ యాపక్క కట్టినావు?"

"ఎడమపక్క."

"రెండూనా?"

"దూది గదన్నా..."

ఆయన ఇంకా నవ్వలేదు. "మీకు విల్లు లెక్క. మాకు కేజీల లెక్క. దూది బరువు తెలీకుంటే మిషనోడు బతకల్యాడప్పా," అన్నాడు. అంతలో పొత్రం కనిపించింది. "ఇదేంది?"

"తూకానికి."

అప్పుడు ఆయన రోడ్డు మీద కూర్చుండిపోయాడు. నవ్వి, నవ్వి, తుడుచుకుని, మూడు రాళ్ళనూ చూసి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ తరువాత ఆయన చేసింది పది నిమిషాల పని. బస్తా అటొకటి, ఇటొకటి. గుడ్డల కట్ట క్యారియరు నడుమ. విల్లును పక్కనుంచి తీసి, రెండు బస్తాల సందులో కట్ట మీద పడుకోబెట్టాడు. రాళ్ళు గుంతకు ఇచ్చేశాడు. పొత్రాన్ని తన సైకిలుకు తగిలించుకున్నాడు. స్టాండు వేసి చేయి తీశాడు. సైకిలు నిలబడింది. ఎవరికీ సలాం చెయ్యలేదు. నాకు సంతోషం వేయాలి. వేయలేదు. మా నాలుగు తరాల పరువును మిషనోడు రెండు వేళ్ళతో నిలబెట్టేశాడు, నేను చూస్తూ ఉన్నాను.

"నన్ను ఈడనే వదిలేసి పోయింటే ఏడు పరుపులూ నీవే గదన్నా. ఎందుకు లేపినావు?"

ఆయన పొత్రం ముడి బిగిస్తూ అన్నాడు. "మా నాయనదీ ఈ రోడ్డేప్పా. విల్లు కట్టుకోని పోతాండ్య. పడేది గూడా ఇట్లాంటి గుంతల్లోనే."

ఇద్దరం సైకిళ్ళు తోసుకుంటూ గోనెగండ్ల చేరాం. నేను నిటారు సైకిలు పక్కన కుడికి వంగి నడుస్తుంటే, ఆయన రెండుసార్లు నన్ను సరిచేశాడు.

బేస్తవారం పొద్దున అవ్వ పంచలో విల్లును దూలానికి కట్టాను. అవ్వ పీట మీద కూర్చుంది. చుట్టూ కోడళ్ళు, పెండ్లికూతురు, పంచాంగం పట్టుకున్న పూజారి. ఒక పక్క గోడకు ఆనుకుని మిషనాయన, చేతిలో టీ. పూజారి తల ఊపాడు. గుండు ఎత్తి నారిని కొట్టాను.

'డబ్' మంది.

ఇంకా గట్టిగా కొట్టాను. 'డబ్బు'. ఒక్క పింజ కూడా లేవలేదు. ముందురోజు తుంపరకు తడి పీల్చుకున్న నారి పాత నడుంపట్టీలాగా వేలాడుతోంది. బిగించాను. ఇంకా సాగింది. ఎవరో కోడలు నవ్వి దగ్గింది.

"ఇది విల్లా, నానిన డప్పాప్పా?" అంది అవ్వ. కోపం లేదు ఆ మాటలో. అది ఇంకా అన్యాయం. "మీ నాయన కొడితే వీధి కొసకు ఇనపడ్తాండ్య. గడియ ఇంగెంతసేపుండాది సామీ?"

"స్వల్పమే అవ్వా," అన్నాడు పూజారి.

నేను గుండు పట్టుకుని నిలబడ్డాను. నాయన మంచం, ఫిరంగి కాలు, 'ఊరు పోతాది' అన్న మాట, అన్నీ ఆ దూలానికే వేలాడుతున్నాయి. తడిసిన నారిని ఏం చెయ్యాలో నాయన ఏనాడూ చెప్పలేదు. ఆయన వానలో పోయేవాడు కాదు. మిషనాయనవైపు చూడకూడదని అనుకుంటూనే చూశాను. ఆయన టీలోకి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ గ్లాసులో ఏడు పరుపులు కనిపిస్తున్నాయేమో.

చివరికి గ్లాసు కింద పెట్టాడు. "అవ్వా, పొయ్యిలో నిప్పులుండాయా?"

పెంకులో నిప్పులు తెచ్చారు. ఆయన దాన్ని నారి కింద జానెడు దూరంలో పట్టుకుని, ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు, పసిబిడ్డకు కాపడం పెట్టినట్టు నడిపించాడు. తడి ఆవిరై లేచింది. నారి తనంతట తానే ముడుచుకుని బిగుసుకుంది. "ఇప్పుడు కొట్టు. నిదానంగా."

కొట్టాను. 'టుంయ్' మంది. రెండో దెబ్బకు పంచ నిండా దూది లేచింది. అవ్వ కళ్ళు మూసుకుంది. పూజారి పంచాంగం మూశాడు.

కళ్ళు తెరిచాక అవ్వ మాటల్లో దాపరికం లేదు. "మంచిగడియకు మోగింది. జంట పరుపు నువ్వే కుట్టప్పా. కడమ ఆరూ ఆయప్పకిస్తాండా. నువ్వొక్కనివే ఆరూ ఏకి కుట్టేలోపల నా మనమరాలికి కానుపైతాది." అందరూ నవ్వారు. పెండ్లికూతురు లోపలికి పరుగెత్తింది. అవ్వ చెప్పింది నిజం. నారి మోగించింది ఎవరో పంచలో అందరూ చూశారు.

ఇంటికి తిరిగొచ్చేసరికి నాయన మంచం మీదే ఉన్నాడు.

"మోగిందా?"

"మోగింది నాయనా."

"ఎన్ని?"

"ఒకటి."

ఆయన కాలు దిండు మీద ఇటునుంచి అటు మార్చుకున్నాడు. నేను అంతా చెప్పాను. గుంత, తుంపర, నిప్పులు, చివరికి పన్నెండు కేజీలు కూడా. "దూది బరువేందిరా," అన్నాడు. అన్నాడుగాని నవ్వలేదు. అమ్మ కూడా నవ్వలేదు. పొత్రం కడుక్కుని రోట్లో పెట్టుకుంది.

మరుసటేడు ఆ ఇంట్లోనే రెండో మనవరాలి పెండ్లి. అవ్వ కబురు పంపింది, జంట పరుపు మాత్రం విల్లుకు అని. నాయన కాలు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది, సైకిలు తొక్కలేడు. మంచం అక్కర్లేదని తానే నిలబడి కట్టాడు. ఆ ఏడు వాళ్ళ పొలం దూది బాగా వచ్చిందట, ఆదోని దూది ఒక్క బస్తా చాలన్నారు. నాయన ఆ ఒక్క బస్తానూ చాలాసేపు చూశాడు. తరువాత మూతి విప్పి, సగం దూది ఇంకో సంచిలోకి మార్చి, అటొకటి ఇటొకటి కట్టాడు. విల్లును నడుమ పడుకోబెట్టాడు.

"గాలికిరా," అన్నాడు నన్ను చూడకుండా. "గాలి రెండుపక్కలా సమానంగా తగలల్ల."

బరువు అన్న మాట ఆయన నోట రాలేదు. నేనూ రానివ్వలేదు.

సైకిలు తిన్నగా నిలబడింది. ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా ఎక్కాను. ఎక్కగానే, పోయినేడు నేర్చుకున్న విద్య ఒళ్ళు మరిచిపోలేదు. కుడికి వాలాను. నన్ను వెనక్కి లాగేందుకు ఎడమపక్క ఈసారి ఎక్కువ బరువేమీ లేదు. మా వంశంలో మొట్టమొదటిసారి, కుడిపక్కకు, దర్జీ మెట్ల మీద పడ్డాను.

"అరె, మళ్ళీ తూకం తప్పిందా?" అన్నాడు దర్జీ.

"తూకం సరిగ్గానే ఉండాది," అన్నాడు నాయన. అని, వంకరకాలు ఈడ్చుకుంటూ నన్ను దాటిపోయి, విల్లు పక్కన వంగాడు. నారిని ఈ కొసనుంచి ఆ కొసకు వేలితో తడిమి చూశాడు.

నారి తెగలేదు. మోకాలు తెగింది.